తాతగారి ట్రంకుపెట్టెను విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇచ్చే ముందు

మీరు రాసినదాన్నిబట్టి నేను గ్రహించిన విషయం ఇది. కడప జిల్లాలో తెలుగు పండితులుగా పనిచేసి 1974లో కాలం చేసిన మీ తాతగారి ట్రంకుపెట్టె ఒకటి అటక మీద నుంచి దిగింది. అందులో పదకొండు తాటాకు కట్టలు, ముప్ఫై వరకు చేతిరాత నోటుపుస్తకాలు, ఆయనకు వచ్చిన ఉత్తరాలు, ‘భారతి’ సాహిత్య పత్రిక పాత సంచికలు, కొన్ని నాటకాల కరపత్రాలు ఉన్నాయి. ఇల్లు అమ్మకానికి పెట్టారు కాబట్టి వీటిని ఏదైనా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇవ్వవచ్చా, ఇస్తే అక్కడ ఏమవుతాయి, మీ తమ్ముడు అంటున్నట్లు అమెరికాలోని విశ్వవిద్యాలయానికి పంపడం మేలా అని అడిగారు. ఇచ్చేలోగా అన్నిటినీ దులిపి, రకాలవారీగా సర్ది, చినిగినవి అతికించి పెడతామని కూడా రాశారు. నేను ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని లిఖిత ప్రతుల విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేసి విరమించినవాణ్ణి. అందుకని మీ చివరి మాటకే ముందు జవాబు చెబుతాను: దయచేసి సర్దకండి, అతికించకండి.

గ్రంథాలయంలో మామూలు పుస్తకానికీ, ప్రత్యేక సేకరణల విభాగంలోకి వచ్చే కాగితానికీ తేడా ఉంది. అచ్చు పుస్తకం ఒకటి పోతే ఇంకొకటి తెచ్చుకోవచ్చు. అది ఎవరి ఇంటి నుంచి వచ్చిందో చదువరికి అక్కర లేదు. చేతిరాత ప్రతి, ఉత్తరం, చిత్తు పుస్తకం అలాంటివి కావు. వాటి విలువలో సగం వాటి పుట్టుపూర్వోత్తరాలలో ఉంటుంది: ఎవరు రాశారు, ఎవరి దగ్గర ఉండేది, దేని పక్కన ఉండేది, దేనిలో దూర్చి ఉండేది అన్న సంగతులు పోతే మిగిలేది కొన్ని అక్షరాలు మాత్రమే. అందుకే ఈ విభాగాల్లో పనిచేసేవారు మొదట నేర్చుకునే పాఠం, ఒక వ్యక్తి కాగితాలను ఇంకొకరి కాగితాలతో కలపకూడదని, ఆయన వాటిని ఏ వరుసలో పెట్టుకున్నారో ఆ వరుసను కదపకూడదని.

ఒక ఉదాహరణ చెబుతాను. నేను చేరిన కొత్తలో ఒక కుటుంబం తమ పెద్దాయన ఉత్తరాలను ఎంతో శ్రద్ధగా తెచ్చి ఇచ్చింది. ఉత్తరాలన్నీ సైజులవారీగా పేర్చి ఉన్నాయి. చోటు కలిసి వస్తుందని కవర్లన్నీ పారేశారు. ఆ తరం వారు ఉత్తరం పైన తరచుగా ‘శనివారం, రాత్రి’ అని రాసి ఊరుకునేవారు. సంవత్సరం కవరు మీది తపాలా ముద్రలోనే ఉండేది. కవర్లు పోవడంతో రెండు వందలకు పైగా ఉత్తరాలకు కాలం తెలియకుండా పోయింది. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. మరొకరి నోటుపుస్తకంలో ఒక ఖండకావ్యం చిత్తు ఉన్నది, తేదీ లేదు. ఆ పుటల మధ్య చాకలి పద్దు రాసిన చీటీ ఒకటి ఉంది. బట్టల లెక్క కింద నెల, సంవత్సరం వేసి ఉన్నాయి. అచ్చులో వచ్చిన తేదీ కన్నా ఆ కావ్యం ఏడేళ్ల ముందే మొదలైందని ఆ చాకలి పద్దు చెప్పింది. ఇంట్లో ఎవరైనా దులిపి ఉంటే ఆ చీటీ చెత్తబుట్టలోకి పోయేది.

మీది కడప ప్రాంతం కాబట్టి మీకు తెలిసిన ఊళ్ల నుంచే ఇంకొక నిదర్శనం ఇవ్వగలను. సర్వే అధికారి కాలిన్ మెకంజీ తన దగ్గర పనిచేసిన ఏలూరు వారైన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి వారి సాయంతో గ్రామగ్రామాన కరణాల కవిలెల (ఊరి లెక్కల పుస్తకాల) నుంచి, పెద్దల నోటి నుంచి వివరాలు రాయించారు. వాటినే మనం కైఫియత్తులు అంటున్నాం. 1821లో మెకంజీ మరణించాక ఆ సేకరణను ఆయన భార్య దగ్గర ఈస్టిండియా కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది, 1828లో సంస్కృత పండితుడు హెచ్. హెచ్. విల్సన్ దానికి సూచీ అచ్చు వేయించారు; దక్షిణాది భాషల ప్రతులు తర్వాత మద్రాసుకు చేరాయి. 1820లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌన్, ఎర్రముక్కపల్లెలోని తన బంగళాలో జూలూరి అప్పయ్య వంటి పండితులను జీతమిచ్చి కూర్చోబెట్టి, ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించి, పాఠాలు సరిచూపించి, కాగితం మీద శుద్ధప్రతులు రాయించారు. శిథిలమవుతున్న కైఫియత్తులకు కూడా కొత్త కాగితం మీద నకళ్లు తీయించారు. సెలవు మీద లండన్‌లో ఉన్నప్పుడు కంపెనీ ప్రధాన కార్యాలయమైన ఈస్టిండియా హౌస్‌లో దిక్కు లేకుండా పడి ఉన్న దక్షిణాది ప్రతులను గుర్తించి, మద్రాసుకు పంపే ఏర్పాటు చేయించిన వారు కూడా ఆయనే.

ఈ మూడు సేకరణలూ చివరకు 1869లో ఏర్పడిన మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఒక చోట చేరాయి. గమనించవలసింది ఏమంటే, చేరినా కలిసిపోలేదు. ఏది మెకంజీ సేకరణలోదో, ఏది బ్రౌన్ రాయించిందో, ఏది లండన్ నుంచి తిరిగివచ్చిందో నేటికీ చెప్పవచ్చు. ఒక ఊరి కైఫియత్తు చదివే పరిశోధకుడు తన ముందున్నది అసలు ప్రతి కాదు, తర్వాత తీసిన నకలు అని తెలుసుకుని, అందులోని లేఖక దోషాలను ఆ దృష్టితో చూడగలుగుతున్నాడు. ఎవరో ఒక ఉత్సాహవంతుడైన గుమాస్తా వీటన్నిటినీ విషయాలవారీగా కలిపి పేర్చి ఉంటే, ప్రతులన్నీ క్షేమంగానే ఉండేవి గానీ ఈ జ్ఞానం పోయేది. అటువంటి కలబోత మరొకచోట నా కళ్లముందే జరిగింది. ఒక సాహిత్య విమర్శకుడి సొంత పుస్తకాలు వెయ్యికి పైగా వస్తే వాటికి వర్గీకరణ సంఖ్యలు వేసి మామూలు బీరువాల్లోకి పంపేశారు. ప్రతి పుస్తకం అంచుల్లోనూ ఆయన పెన్సిలుతో రాసుకున్న వ్యాఖ్యలున్నాయి. పదేళ్ల తర్వాత ఆయన మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి వచ్చి, ఆయన చదివిన పుస్తకాలు చూపించమంటే మేము తెల్లమొహం వేశాం.

ఇక తాటాకు కట్టల సంగతి. మీరు పంపిన వివరణను బట్టి కట్టలు చెక్క పలకల మధ్య నూలు తాడుతో బిగించి, ముతక గుడ్డలో చుట్టి ఉన్నాయి. ఆ గుడ్డను, ఆ తాడును పారేయకండి; గుడ్డ మీద సిరాతో ఏదైనా రాసి ఉన్నదేమో చూడండి. కట్ట విప్పవలసి వస్తే బల్ల మీద తెల్లటి నూలు గుడ్డ పరచి, చేతులు కడిగి పూర్తిగా ఆరబెట్టుకుని విప్పండి. చేతి తొడుగులు అక్కరలేదు. తొడుగు వేసుకుంటే వేళ్లకు స్పర్శ తెలియక పెళుసు కమ్మ (కట్టలోని ఒక్కొక్క తాటాకు) అంచు విరుగుతుంది. ఫొటోలకు మాత్రం తొడుగులు మంచివి. కమ్మలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే బలవంతంగా విడదీయవద్దు. అది శిక్షణ ఉన్నవారి పని. పురుగు తొలిచిన రంధ్రం నలభై కమ్మల్లో ఒకే చోట కనిపిస్తే దాన్ని కూడా శత్రువుగా చూడనక్కరలేదు. కమ్మలు చెదిరిపోయినప్పుడు ఆ రంధ్రాల వరుసను పట్టుకునే మేము ఒక కట్టను తిరిగి పేర్చిన సందర్భం ఉంది.

నూనె రాయాలన్న ఆలోచన మీకు ఎవరైనా చెప్పి ఉండవచ్చు. మన లేఖకులు ప్రతి చివర రాసే శ్లోకం ఒకటి ఉంది: ‘తైలాద్రక్షేజ్జలాద్రక్షేద్రక్షేచ్ఛిథిలబంధనాత్, మూర్ఖహస్తే న దాతవ్యమేవం వదతి పుస్తకమ్’. నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి నన్ను కాపాడండి, మూర్ఖుడి చేతిలో పెట్టకండి అని పుస్తకమే చెబుతున్నదట. తాటాకు ఎండి పెళుసెక్కినప్పుడు నిమ్మగడ్డి నూనెను పలుచగా పట్టించడం గ్రంథాలయాల్లో ఉన్న పద్ధతే. దానివల్ల ఆకు మెత్తబడుతుంది, పురుగు దూరంగా ఉంటుంది. గంటంతో గీసిన అక్షరాల్లో మసి పోయి చదవడానికి రాకపోతే దీపపు మసి తిరిగి పట్టిస్తారు. కానీ ఏ కమ్మకు ఎంత, ముందు ఏది, తర్వాత ఏది అన్నది చేయి తిరిగినవారు చూసి నిర్ణయించాలి. వంటింటి కొబ్బరినూనె రాసిన కట్టలు మా దగ్గరకు వచ్చాయి. దుమ్మంతా పీల్చుకుని నల్లటి ముద్దలై ఉన్నాయి. శ్లోకంలో మొదటి మాట ఊరికే పెట్టలేదు.

చినిగిన కాగితాలకు టేపు వేయవద్దని చెప్పడంలో నాకు సొంత అపరాధం ఒకటి ఉంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక నోటుపుస్తకంలో చినిగిన ఆరు పుటలకు పారదర్శకమైన టేపును నా చేతులతోనే అంటించి, పని చక్కగా జరిగిందని సంతోషించాను. పన్నెండేళ్లకు టేపు ఊడిపోయింది గానీ దాని జిగురు కాగితంలోకి ఇంకి, గోధుమరంగు పట్టీలుగా మిగిలి, సిరా పాకిపోయింది. ఆ పుస్తకం ఇప్పటికీ అక్కడే ఉంది. పెట్టెలో కలరా ఉండలు ఉంటే తీసేయండి. అవి కాగితానికి చేసే మేలు స్వల్పం, చదివేవారి ఊపిరితిత్తులకు చేసే కీడు ఎక్కువ. చెదలు, పురుగు చురుకుగా ఉన్నట్లు పొడి రాలుతుంటే ఆ విషయం గ్రంథాలయానికి ముందే చెప్పండి. మంచి విభాగమైతే వాటిని ముందు విడిగా ఉంచి, అవసరమైతే పాలిథీన్ సంచుల్లో సీలుచేసి కొన్ని రోజులు బాగా శీతలీకరించి, ఆ తర్వాతే తమ నిల్వగదిలోకి తీసుకుంటుంది.

ఇచ్చిన తర్వాత ఏమవుతుందన్నది మీ రెండో ప్రశ్న. సక్రమంగా జరిగితే ముందు యాక్సెషన్ రిజిస్టరులో, అంటే గ్రంథాలయానికి వచ్చినవాటిని రాసే పుస్తకంలో, నమోదు చేసి సంఖ్య ఇస్తారు. ఆ సంఖ్యను రాతపూర్వకంగా తీసుకోండి, తర్వాత ఎప్పుడు అడగాలన్నా అదే ఆధారం. తర్వాత ఆమ్లరహితమైన కాగితం, పెట్టెలలోకి మార్చి, మొత్తం సేకరణకు ఒక వివరణ సూచీ తయారు చేస్తారు. దీనికి కాలం పడుతుంది, పండితులు కావాలి. తాటాకు ప్రతిలో పదాల మధ్య ఖాళీలు ఉండవు, పద్యం ఎక్కడ ముగిసిందో విడిగా కనిపించదు, కృతి పేరు మొదట ఉండదు. చివరి గద్యలోనో లేఖకుడి మాటలోనో వెతకాలి. అక్కడ కూడా ‘ప్రభవ నామ సంవత్సర వైశాఖ శుద్ధ దశమీ గురువారం’ అన్నట్లు మాత్రమే ఉంటుంది. ఈ పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి కాబట్టి ఆ ప్రభవ 1867లో మొదలై ఉండవచ్చు, 1807లో కావచ్చు, 1927లో కూడా కావచ్చు. తిథి, వారం కలిసిన సంవత్సరం ఏదో పంచాంగం లెక్క కట్టి తేల్చాలి. ఒక కట్టలో ఒక్క గ్రంథమే ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. శతకం, వైద్యం, జాతకం, అప్పు లెక్క ఒకే తాటి మీద ఎక్కిన కట్టలు చాలా చూశాం. కాబట్టి పదకొండు కట్టలంటే పదకొండు గ్రంథాలని మీరు జాబితాలో రాయకండి. పదకొండు కట్టలు అని మాత్రమే రాయండి.

నిజం దాచి లాభం లేదు. మన విశ్వవిద్యాలయాల్లో ఈ విభాగాలకు సిబ్బంది తక్కువ. పండితుడు విరమిస్తే ఆ స్థానం ఖాళీగానే ఉండిపోతుంది. గదిని చల్లబరిచే ఏసీ యంత్రాలు ఆఫీసు వేళల్లో మాత్రమే నడిపి రాత్రి ఆపేసే చోట్లు కూడా ఉన్నాయి. రోజూ ఇలా తేమ ఎక్కుతూ దిగుతూ ఉండటం కన్నా, యంత్రమే లేకుండా గాలి ఆడే గది నిలకడగా ఉండటం ప్రతులకు మేలు. అందువల్ల మీరు ఇవ్వబోయే చోటికి వెళ్లి నిల్వగదిని చూపించమని అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు. గత అయిదేళ్లలో వచ్చిన సేకరణ ఒకదాని సూచీ చూపించమనండి. చదువుకునే గదిలో పెన్నులు అనుమతిస్తున్నారా, ఒకసారికి ఎన్ని కట్టలు ఇస్తున్నారు, తిరిగి ఇచ్చేటప్పుడు కమ్మలు లెక్కపెట్టుకుంటున్నారా అన్నది కాసేపు కూర్చుని గమనిస్తే ఆ విభాగం సంగతి మీకే తెలిసిపోతుంది. పెన్సిలు మాత్రమే అనుమతించి, వేలికి ఉమ్మి తడి చేసుకునే పెద్దమనిషిని మర్యాదగా వారించే అటెండరు ఉన్న చోట మీ తాతగారి పెట్టె భద్రంగా ఉంటుంది.

ఎక్కడ ఇవ్వాలన్నదానికి నా అభిప్రాయం: ప్రాంతానికి దగ్గరగా, విషయానికి తగినట్లుగా. బ్రౌన్ బంగళా ఉన్న స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలతో వెలసిన సి. పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం 2006 నుంచి యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. తిరుపతిలోని ప్రాచ్య పరిశోధన సంస్థను 1939లో దేవస్థానం స్థాపించింది. 1956లో అది శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చేరింది. ప్రసిద్ధ సాహిత్య పరిశోధకులు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పనిచేసిన చోటు అది. విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, హైదరాబాదులోని ఉస్మానియా గ్రంథాలయాల్లో కూడా తాళపత్ర విభాగాలున్నాయి. కట్టలు ఒకచోట, ఉత్తరాలు ఇంకొకచోట పంచవలసిన పరిస్థితి మాత్రం రానివ్వకండి. ‘భారతి’ సంచికలను కొన్ని గ్రంథాలయాలు తమ దగ్గర ఉన్నాయని వద్దంటాయి. 1924 నుంచి వెలువడిన పత్రిక కాబట్టి అది న్యాయమే. అయితే మీ తాతగారు అంచుల్లో ఏదైనా రాసుకున్న సంచికలు వేరు, అవి సేకరణలో భాగమని పట్టుబట్టండి.

అమెరికా ఆలోచనకు రెండు జవాబులు. మొదటిది చట్టం. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం 75 ఏళ్లకు తక్కువ కాని, చారిత్రక లేదా సాహిత్య విలువ ఉన్న లిఖిత ప్రతి పురావస్తువు కిందికి వస్తుంది; దాన్ని ప్రయివేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీలు లేదు. మీ తమ్ముడు సూట్‌కేసులో పెట్టుకుని వెళతానంటే ఆపండి. రెండవది, అచ్చు పుస్తకాల విషయంలో అక్కడి వారికి మన అవసరం అంతగా లేదు. పి. ఎల్. 480 అనే అమెరికా ఆహార సాయపు చట్టం కింద మనం గోధుమలకు చెల్లించిన రూపాయల్లో కొంత సొమ్ముతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962 నుంచి ఢిల్లీలో కార్యాలయం నడిపి, భారతీయ భాషల పుస్తకాలను కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. 1968లో విజయవాడలో అచ్చయిన నవల మన జిల్లా గ్రంథాలయంలో దొరకక, షికాగోలోనో మాడిసన్‌లోనో దొరకడానికి కారణం ఆ గోధుమలే. అయితే ఆ కొనుగోలు వలలో పడనివి నాటకాల కరపత్రాలు, ఊరి సాహితీ సమితుల ఆహ్వానాలు, పెళ్లిళ్లలో పంచిన పద్యపంచరత్నాలు. మీరు ‘కొన్ని కరపత్రాలు’ అని తేలిగ్గా రాసినవి పెట్టెలో అన్నిటికన్నా అరుదైనవి కావచ్చు. అక్కడి పరిశోధకులకు వాటి స్కాన్ ప్రతులు అందితే సరిపోతుంది, అసలు ఇక్కడే ఉండనివ్వండి.

కాగితం పని ఒకటి మిగిలింది. మాట మీద ఇచ్చి రావద్దు, దానపత్రం రాసుకోండి. ఇది శాశ్వత దానమా, భద్రపరచడానికి అప్పగింతా, నకళ్లు ఎవరు తీసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో పెట్టవచ్చా, అక్కర లేని వాటిని పారేయకుండా మీకు తిరిగి ఇవ్వాలా అన్నవి అందులో ఉండాలి. కుటుంబ వారసులందరూ సంతకం చేయాలి; తర్వాత ఒక మేనమామ వచ్చి మా వాటా అన్న సందర్భాలు మాకు కొత్త కావు. కాపీరైటు సంగతి చాలామంది తప్పుగా అనుకుంటారు. కాగితం ఇచ్చినంత మాత్రాన రచన మీద హక్కు గ్రంథాలయానికి పోదు. విడిగా రాసి ఇవ్వాలి. మీ తాతగారి జీవితకాలంలో అచ్చయిన రచనలపై హక్కు, రచయిత మరణానంతరం 60 ఏళ్లన్న లెక్కన 2034 చివరి దాకా వారసులది. అచ్చు కాని నోటుపుస్తకాలను ఇప్పుడు ప్రచురిస్తే ఆ 60 ఏళ్లు ప్రచురణ నుంచి లెక్కకు వస్తాయి. ఇక ఆయనకు వచ్చిన ఉత్తరాల కాగితం మీది, మాటలు మాత్రం రాసిన వారివి. వాటిలో ఇంటి గుట్లు, అనారోగ్యాలు, బతికి ఉన్నవారి ప్రస్తావనలు ఉంటే ఫలానా సంవత్సరం దాకా తెరవరాదని షరతు పెట్టవచ్చు. చించేయడం కన్నా సీలు వేయడం ఎప్పుడూ మంచిది.

ఇప్పుడు చేయవలసినది కొద్దిగానే ఉంది. వానలు పట్టకముందే పెట్టెను నేల మీద నుంచి ఎత్తి బల్ల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టండి. లోపలి వస్తువులను కదపకుండా పైనుంచి ఒక ఫొటో తీసి, ఒక్కొక్క పొర తీస్తూ పొరకొక ఫొటో తీయండి. తీసిన వరుసలోనే తిరిగి పెట్టండి. మీ అమ్మగారు, పిన్నమ్మలు ఉంటే పెట్టె పక్కన కూర్చోబెట్టి, ఈ కట్టలు ఏ ఊరి నుంచి వచ్చాయి, ఎవరు ఇచ్చారు, తాతగారు ఏవి తరచుగా తీసేవారు అన్నది ఫోనులో రికార్డు చేయండి. ఆ రికార్డింగును కూడా సేకరణతో పాటే ఇవ్వండి. ట్రంకుపెట్టె మూత లోపలి వైపు ఏదైనా కాగితం అంటించి ఉన్నదేమో చూడండి. ఆ తరం పండితులు పెట్టెలోని పుస్తకాల పట్టీ అక్కడ అంటించుకునేవారు. ఉంటే దాన్ని గీకి తీయకుండా, పెట్టెతో సహా ఇచ్చేయండి.